ఆస్పత్రి బిల్లుతో బాధ్యత తీరదు: జవాను ఇంటివారికీ శిక్షణ కావాలి

బస్తర్ అడవుల్లో మందుపాతర పేలి జవాను గాయపడితే, హెలికాప్టర్‌లో రాయ్‌పూర్ ఆస్పత్రికి తరలిస్తారు. ఆ తొలి గంటల్లో ఏం చేయాలో తెలిసిన, శిక్షణ పొందిన సిబ్బంది అక్కడ ఉంటారు. వెన్నుపాము దెబ్బతిన్న జవాను కొన్ని నెలల తర్వాత సొంతూరికి చేరాక మాత్రం అతణ్ని చూసుకునేది భార్య, తల్లి లేదా తమ్ముడు. ఆ పని వారికి ఎవరు నేర్పాలి? మాజీ సైనికులు, కేంద్ర సాయుధ బలగాల జవాన్ల పునరావాసంలో ఈ ప్రశ్నకు దక్కాల్సినంత ప్రాధాన్యం దక్కడం లేదు.

వైద్య ఖర్చులకు పథకాలున్నాయి. మాజీ సైనికుల కోసం 2003 ఏప్రిల్‌లో ఈసీహెచ్‌ఎస్ మొదలైంది. దాని పాలీక్లినిక్ రాయ్‌పూర్‌లోనూ ఉంది. కేంద్ర బలగాల సిబ్బందికి 2021లో ఆయుష్మాన్ సీఏపీఎఫ్ వచ్చింది. పూర్తి వైకల్యంతో నిత్యం మరొకరి సాయం అవసరమైన మాజీ సైనికులకు పింఛనుతో పాటు సహాయకుడి భత్యం కూడా ఇస్తారు. డబ్బుతో సహాయకుణ్ని పెట్టుకోవచ్చు గానీ, నైపుణ్యం దానంతటదే రాదు.

ఆ నైపుణ్యం ఎంత అవసరమో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. మొదటిది మంచం పుండు. చర్మంలోని సూక్ష్మ రక్తనాళాల్లో పీడనం సుమారు 32 మిల్లీమీటర్ల పాదరసం. ఎముక ఉబ్బెత్తుగా ఉన్నచోట శరీర బరువు కొద్దిపాటి చర్మం మీదే పడితే పీడనం ఆ హద్దు దాటి రక్తప్రసరణ ఆగిపోతుంది. స్పర్శ లేని మనిషికి ఆ నొప్పి తెలియదు. అందుకే దాదాపు రెండు గంటలకోసారి పక్కకు తిప్పమంటారు. తన నడుము దెబ్బతినకుండా, చర్మం పరుపుకు రాసుకోకుండా తిప్పడం చూసి, చేసి నేర్చుకోవాల్సిన విద్య.

రెండోది ఇంకా ప్రమాదకరం. వెన్నుపాముకు ఛాతీ పైభాగంలో లేదా మెడలో గాయమైనవారికి మూత్రపు గొట్టం మెలిపడి మూత్రాశయం నిండితే రక్తపోటు ఒక్కసారిగా పెరిగిపోవచ్చు. విపరీతమైన తలనొప్పి, చెమటలు దాని గుర్తులు. వెంటనే కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, గొట్టం సరిచూడాలి. తగ్గకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. తెలియనివారు విశ్రాంతి ఇద్దామని పడుకోబెడతారు. దాంతో ప్రమాదం పెరుగుతుంది.

అలాగని కుటుంబానికి ఏది నేర్పినా ఫలితం ఉంటుందనుకోకూడదు. పక్షవాతం వచ్చినవారికి ఇంటివారితోనే పునరావాస వ్యాయామాలు చేయించే పద్ధతిని భారత్‌లోని 14 ఆస్పత్రుల్లో 1,250 మంది రోగులపై పరీక్షించారు. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం, ఆరు నెలలకు మరణించినవారు లేదా ఇతరులపై ఆధారపడినవారు రెండు బృందాల్లోనూ 47 శాతమే. ఫిజియోథెరపిస్టు పనిని కుటుంబంపై నెట్టడం పరిష్కారం కాదనడానికి ఇది గట్టి హెచ్చరిక.

అమెరికాలో మతిమరుపు రోగుల సంరక్షకులు 642 మందితో చేసిన మరో పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. అందులో ఆరు నెలల్లో 12 విడతలుగా, ఇంటి వద్దా ఫోన్‌లోనూ సంరక్షకుల ఆరోగ్యం, ఒత్తిడి, రోగి భద్రతపై శిక్షణ ఇచ్చారు. తీవ్ర కుంగుబాటు శిక్షణ పొందినవారిలో 12.6 శాతం, మిగతావారిలో 22.7 శాతం కనిపించింది. తర్వాత అక్కడి మాజీ సైనికుల విభాగం ఈ పద్ధతిని తన సేవల్లోకి తీసుకుంది. రోగమూ దేశమూ వేరైనా, శిక్షణ సంరక్షకుల క్షేమాన్నీ పట్టించుకోవాలన్న పాఠం మనకూ పనికొస్తుంది.

రాయ్‌పూర్ ఇందుకు తగిన చోటు. 2012లో మొదలైన ఎయిమ్స్, పాలీక్లినిక్, గాయపడిన జవాన్లకు చికిత్స చేసే ఆస్పత్రులు ఒకే నగరంలో ఉన్నాయి. డిశ్చార్జికి ముందే ఇంటి మనిషి చేత తిప్పడం, గొట్టం శుభ్రం చేయడం, అత్యవసర గుర్తులు పట్టడం స్వయంగా చేయించి చూడాలి. తర్వాత ఆరు నెలలు వారి భాషలోనే నర్సు ఫోన్ చేయాలి. శ్రీకాకుళం తల్లికి హిందీ కరపత్రం ఇస్తే ప్రయోజనం లేదు. ఈ పనిలో హైదరాబాద్‌కూ పాత్ర ఉంది. 2020 డిసెంబరులో సీఆర్‌పీఎఫ్ అక్కడ ప్రారంభించిన జాతీయ దివ్యాంగ సాధికార కేంద్రం గాయపడిన జవాన్లకు కొత్త నైపుణ్యాలు నేర్పుతోంది. వారి ఇంటివారి శిక్షణకూ అది వేదిక కావచ్చు.

శిక్షణ ఎందరికి ఇచ్చామన్నది లెక్క కాకూడదు. ఆరు నెలల తర్వాత ఎందరికి పుండ్లు పడ్డాయి, ఎందరు మళ్లీ ఆస్పత్రిలో చేరారు, చూసుకునే మనిషి ఆరోగ్యం ఎలా ఉంది? లెక్కించాల్సినవి ఇవే.