సోడియం, కాల్షియం ఒకే సైజు... మరి తేడా ఎక్కడ?

కె.గంగవరం నుంచి ఒక ఇంటర్ తమ్ముడు వాట్సాప్‌లో రెండు ప్రశ్నలు పంపాడు. అయాన్ల సైజు ఆర్డర్ బట్టీ కొట్టకుండా గుర్తుండే దారుందా అన్నది మొదటిది. రెండోది ఇంటి సంగతి. పక్కన రొయ్యల చెరువు పడ్డాక వాళ్ల వరి చేను ఉప్పు పట్టిందట, జిప్సం వేయమంటున్నారట. "ఉప్పుకి విరుగుడు ఇంకో ఉప్పేంటన్నా?" అంటాడు. మంచి ప్రశ్న. రెండింటికీ జవాబు ఆవర్తన పట్టిక దగ్గరే మొదలవుతుంది.

పట్టికలో కిందికి దిగేకొద్దీ కక్ష్యలు పెరుగుతాయి, అయాన్ లావవుతుంది. లిథియం 76, సోడియం 102, పొటాషియం 138 పికోమీటర్లు. (మీటరుని లక్ష కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క పికోమీటరు.) ఎలక్ట్రాన్లు సమానమైతే ఇంకా తేలిక. ఆక్సైడ్, ఫ్లోరైడ్, సోడియం, మెగ్నీషియం, అల్యూమినియం అయాన్లు ఐదింట్లోనూ ఎలక్ట్రాన్లు పదే. లోపలికి లాగే ప్రోటాన్లు మాత్రం 8, 9, 11, 12, 13. లాగేవాళ్లు పెరిగితే సైజు తగ్గక ఏం చేస్తుంది? 140, 133, 102, 72, 54. మీ పుస్తకంలో అంకెలు కాస్త అటూఇటూగా ఉండొచ్చు, కంగారొద్దు. ఆర్డర్ ఇదే.

ఇప్పుడు చేలోకి వద్దాం. సోడియం నుంచి ఒక గడి కిందికి, ఒక గడి కుడికి జరిగితే కాల్షియం. కిందికి దిగినందుకు పెరగాలి, ఛార్జి పెరిగినందుకు తగ్గాలి. రెండూ చెల్లుకు చెల్లు! కాల్షియం అయాన్ 100 దగ్గర ఆగుతుంది. అంటే సోడియంతో దాదాపు సమానం. కానీ ఛార్జి రెట్టింపు.

గౌతమి ఒండ్రు పోసిన మన బంకమట్టి రేకులకి రుణావేశం ఉంటుంది. వాటి మధ్య సోడియం చేరితే, ఒక్క ఛార్జితో దాని పట్టు తక్కువ, చుట్టూ నీళ్లు కప్పుకుని కూర్చుంటుంది. రేకులు విడిపోతాయి. తడిస్తే జారుడు బురద, ఎండితే ఇటుక. నీరు దిగదు, వేరుకి గాలాడదు. కాల్షియం రెండు ఛార్జీలతో రేకుల్ని దగ్గరికి లాగి మట్టిని గుల్లగా ఉంచుతుంది. జిప్సం పని, సోడియాన్ని అక్కణ్ణుంచి లేపి కాల్షియాన్ని కూర్చోబెట్టడమే.

లేచిన సోడియం ఎక్కడికి పోవాలి? అసలు కథ ఇక్కడుంది. మంచినీళ్లు పెట్టి, మురుగు కాలవలోకి కడిగేయాలి. కాలవ నిండా గుర్రపుడెక్క ఉంటే ఎన్ని బస్తాలు వేసినా డబ్బు దండగ. ముందు మట్టి పరీక్ష చేయించండి. పాల చౌడైతే నీళ్లతో కడిగితే చాలు, జిప్సం అవసరం పడేది కారు చౌడుకి. చెరువు గట్టు నుంచి ఉప్పునీరు ఊరుతూనే ఉంటే మాత్రం ఏ మందూ నిలవదు. గట్టుకీ చేనుకీ మధ్య ఊటనీరు పట్టే లోతు బోదె తవ్వించమని చెరువాళ్లని అడగండి, ఈ సార్వాకి ముందే.