స్టీరింగు మనది, లారీ ఎవరిది?

కృష్ణపట్నం ఓడరేవు 2008లో మొదలైంది. బొగ్గు దిగింది, లారీలు బారులు తీరాయి, నెల్లూరు తీరం కుర్రాళ్లు స్టీరింగు పట్టారు. వాళ్లలో ఓనర్లయింది ఎందరు? ఇదీ మా ప్రశ్న.

లెక్క చూద్దాం. పది టైర్ల కొత్త లారీ 30 లక్షలు దాటుతుంది. 2025 సెప్టెంబరులో జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గినా డ్రైవరుకు అందే ధర కాదది. ముద్ర రుణం ఉందిగా అంటారు. 2024లో పరిమితి 20 లక్షలకు పెంచిన మాట నిజమే. కానీ అది ఇదివరకే 'తరుణ్' అప్పు తీసుకుని తీర్చినవాళ్లకే! కొత్తవాడికి 10 లక్షలే. మిగతాదానికి ఫైనాన్సు కంపెనీ గడప తొక్కాల్సిందే.

అప్పు పుట్టినా బండి కదలదు. 2022 రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ బీమాయే 43,950 రూపాయలు. పర్మిట్టు, మూడు నెలల పన్ను, డీజిలు, టోలు అన్నీ చేతినుంచే. బాడుగ బాకీ ఎప్పుడో వస్తుంది. కిస్తీ మాత్రం నెల తిరిగేసరికి గుమ్మంలో ఉంటుంది. రెండు కిస్తీలు తప్పితే బండి పోతుందన్న భయం.

అందుకే తమ్ముళ్లకు మా మాట: ఆరు నెలల కిస్తీ చేతిలో లేనిదే సంతకం పెట్టొద్దు. సర్కారుకు మా డిమాండు: డ్రైవరు కొనే మొదటి లారీకి మార్జిన్ సొమ్ము, తొలి ఏడాది బీమా భరించాలి. తీరం మనది, కష్టం మనది. బాడుగా మనకే దక్కాలి!