బడి కోసం పరుగెత్తే ముందు

జనవరి మూడో ఆదివారం వస్తే ముంబయిలో మారథాన్. 2004లో మొదలైన ఈ పరుగులో పతకాల కోసం వచ్చేవాళ్లు కొందరైతే, ఒక ఆసుపత్రికో, ఒక బడికో చందాలు కూడగట్టడానికి వచ్చేవాళ్లు ఎందరో. మన తెలుగు బడి కోసం మనమూ ఎందుకు పరుగెత్తకూడదని అంజూర్ ఫాటా వైపు ఉన్న మన కుటుంబాల్లోనూ మాట నడుస్తోంది. పరుగెత్తాల్సిందేనని మేమంటాం. కానీ పరుగెత్తాల్సింది పిల్లలు కాదు, పెద్దలు.

బడి పేరు వేసిన బనియన్లు తొడిగి పిల్లల్ని ముందు నిలబెడితే చందాలు బాగా వస్తాయన్న ఆలోచన చాలామందికి ఉంటుంది. 2006లో ఒడిశాలో బుధియా సింగ్ అనే నాలుగేళ్ల బాలుణ్ణి పూరీ నుంచి భువనేశ్వర్ దాకా 65 కిలోమీటర్లు పరుగెత్తించారు. దారి పొడవునా చప్పట్లు. చివరికి పిల్లవాడు కుప్పకూలాడు. ప్రభుత్వం కలుగజేసుకుని అలాంటి పరుగుల్ని ఆపించింది. 42.195 కిలోమీటర్ల పూర్తి మారథాన్‌కు 18 ఏళ్లు నిండాలన్న నిబంధన ఊరికే పెట్టలేదు.

పెద్దలకు మాత్రం ఇక ఈ వయసులో ఏమిటన్న సాకు చెల్లదు. పంజాబు నుంచి లండన్ వెళ్లి స్థిరపడిన ఫౌజాసింగ్ 2000లో, 89వ ఏట, నెలలు నిండక పుట్టిన పసికందుల సంస్థ కోసం తన మొదటి మారథాన్ పరుగెత్తాడు.

అలాగని మొదటి ఏడాదే 42 కిలోమీటర్లు ఎవరూ తలకెత్తుకోవద్దు. ముంబయిలోనే డ్రీమ్ రన్ ఉంది, సుమారు ఆరు కిలోమీటర్లు. చందా ఇచ్చేవాళ్లు మన ముఖం చూసి ఇస్తారు, కిలోమీటర్లు లెక్కపెట్టి కాదు.

సాంచాల మీద పన్నెండు గంటలు నిలబడ్డ కాళ్లకు విశ్రాంతి కూడా సాధనలో భాగమే. రాత్రి పాళి దిగి నేరుగా పరుగుకు వెళ్లొద్దు. పడుకుని లేచి సాయంత్రం వెళ్లాలి. నూలు దుమ్ము పీల్చి దగ్గుతున్నవాళ్లు, బీపీ, షుగరు ఉన్నవాళ్లు ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆ తర్వాత నాలుగు నిమిషాలు నడక, ఒక నిమిషం పరుగు; అలా అరగంట, వారానికి మూడు రోజులు. వారాలు గడిచేకొద్దీ నడక తగ్గించి పరుగు పెంచాలి. పక్కవాళ్లతో మాట్లాడగలిగినంత నెమ్మదిగా పరుగెత్తితే చాలు. రొప్పు వస్తే నడవండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. 1972 ఒలింపిక్స్‌లో పరుగెత్తిన అమెరికన్ జెఫ్ గాలోవే లక్షలమందికి నేర్పింది కూడా మధ్యమధ్య నడిచే ఈ పద్ధతే.

ఎక్కడ పరుగెత్తాలన్నది అసలు చిక్కు. ఫాటా రోడ్డు మీద గోదాముల ట్రక్కులు, కంటైనర్లు, వానాకాలం గుంతలు. అక్కడ మాత్రం వద్దు. తెల్లవారకముందే వరాలదేవి చెరువు వైపు వెళ్లడమో, బడి మైదానం గేటు అరగంట ముందు తీయించడమో మేలు. బీడీలు చుట్టే తల్లులు ఒంటరిగా రోడ్డెక్కలేరు కాబట్టి బడి మైదానమే వాళ్లకు దారి. హెడ్మాస్టర్లు ఈ ఒక్క తాళం విషయంలో పెద్ద మనసు చేసుకోవాలి.

ఇక డబ్బు. పరుగులో పేరు నమోదుకు కట్టే రుసుము విరాళం కాదు, అది నిర్వాహకులకు పోతుంది. బడికి చేరేది మనం అడిగి తెచ్చిన చందాలే. ముంబయి మారథాన్‌లో విరాళాల వ్యవహారం యునైటెడ్ వే ముంబయి చూస్తుంది. వాళ్ల దగ్గర నమోదైన సంస్థల పేరునే ఆ వేదిక మీద వసూలు సాగుతుంది. మన బడిని నడిపే సంస్థ అందులో లేకపోయినా పరుగుకు అడ్డేమీ లేదు. మనవాళ్ల దగ్గర మనమే అడగవచ్చు. గణపతి మండపానికి పావతి పుస్తకం పట్టుకుని తిరిగిన చేతులే కదా మనవి! కాకపోతే డబ్బు ఏ టీచరు సొంత ఖాతాలోనూ పడకూడదు. ధర్మాదాయ కమిషనర్ దగ్గర నమోదైన ట్రస్టు ఖాతాలోనే పడాలి. నగరపాలిక బడి అయితే ముందు హెడ్మాస్టరును, పాఠశాల యాజమాన్య సమితిని అడగాలి.

80జీ పేరు చెప్పి చందా అడిగేవాళ్లు అందరికీ పన్ను మినహాయింపు వస్తుందని అనొద్దు. నగదు 2,000 రూపాయలు దాటితే ఆ మినహాయింపు లేదు. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగికి అసలే లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బంధువు పంపేది విదేశీ విరాళం, దానికి ఎఫ్‌సీఆర్ఏ అనుమతి కావాలి. దుబాయిలో ఉన్నా భారత పాస్‌పోర్టే ఉన్న బావమరిది తన సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే ఆ చిక్కు లేదు.

దేనికోసం అడుగుతున్నామో కూడా ముందే తేల్చుకోవాలి. "బడి అభివృద్ధి" అంటే ఎవరి జేబూ కదలదు. తెలుగు కథల పుస్తకాలతో ఒక బీరువా అనండి, ధర చెప్పండి. వచ్చింది ఎంత, ఖర్చయింది ఎంత అన్నది బడి నోటీసు బోర్డు మీద పెట్టండి. జనవరి పరుగుకు ఆగస్టులోనే కాళ్లు కదలాలి కాబట్టి ఈ మాట వచ్చే తల్లిదండ్రుల సమావేశంలోనే తేలాలి. పరుగెత్తేవాళ్ల జాబితాలో మొదటి పేరు గుమ్నీలో చిన్న ఉద్యోగిది కాకుండా, సంస్థ పెద్దలదై ఉంటే మాకు మరీ సంతోషం.