యాత్రికుని ధర్మము

దేశాటనము విద్యలో నొక భాగమని పెద్దలు చెప్పుదురు. అది నిజమే. కాని చూచుట వేఱు, తెలిసికొనుట వేఱు. రెండవది లేని యాత్ర కాళ్లకు శ్రమయు, చేతికి వ్యయమును మాత్రమే. ఈ మా యభిప్రాయమునకు సాక్షిగా పదమూడు శతాబ్దములకు పూర్వము మన దేశమునకు వచ్చిన యొక యాత్రికుని పేర్కొనెదము.

చీనాదేశమున చాంగాన్ అను ప్రాచీన నగరము గలదు. నేడు దానిని షియాన్ అందురు. బౌద్ధభిక్షువగు హ్యూయన్‌త్సాంగ్ 629 ప్రాంతమున రాజానుమతి లేకయే అచ్చటినుండి బయలుదేఱి, మన దేశమెల్ల తిరిగి, 657 గ్రంథములను 20 గుఱ్ఱములపై మోయించుకొని 645లో ఆ నగరము చేరెను. ఆ గ్రంథములను భద్రపఱచుటకై 652లో కట్టిన గోపురము, పలుమాఱులు బాగుచేయబడి, నేటికిని అచ్చట నిలిచియున్నది. చూచువారు దానిని చీనా శిల్పమని మెచ్చుకొందురు. అది మన దేశపు పుస్తకములకు కట్టిన యిల్లని మన విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను.

ఆ యాత్రికుడు కళింగాంధ్ర దేశములను గూడ చూచెను. సూర్యరశ్మి చొరరాని యడవులను దాటి కళింగమునకు వచ్చితినని వ్రాసెను. అచ్చటి నల్లని యేనుగులను పొరుగుదేశములవారు మిక్కిలి కోరుదురనెను. ప్రజలు ముక్కోపులు, మోటువారు అనెను. కాని యంతటితో ఆగక, వారు మాట తప్పనివారనియు, వారి పలుకు చురుకుగాను స్పష్టముగాను ఉండుననియు చేర్చెను. ఆంధ్రుల భాష మధ్యదేశపు భాషకంటె వేఱైనను లిపి యించుమించుగా ఒక్కటియే యని గమనించెను. ధాన్యకటకమున విహారములు పెక్కు పాడుపడియున్నను, అచ్చటనే కొన్ని నెలలు నిలిచి ఇద్దఱు భిక్షువులయొద్ద శాస్త్రము చదివెను.

"మోటువారు" అను మాటతో కలము నిలిపియుండినచో అతడు సామాన్య బాటసారి యగును. "మాట తప్పనివారు" అను రెండవ మాటను వ్రాసినందుననే అతడు న్యాయమెఱిగిన యాత్రికుడయ్యెను.

ఇక మన అరకులోయ సంగతి. 2017నుండి అద్దపు కప్పుగల పెట్టెలు విశాఖపట్టణపు రైలునకు తగిలింపబడినవి. సెలవుదినములలో దర్శకులు వేలకొలది వత్తురు. పెండ్లిండ్లయందును చైత్రమాసపు పండుగలయందును తుడుము, డప్పు, మోరి, కిరిడి మ్రోగగా స్త్రీలు చేయి చేయి కలిపి ఆడు థింసాను, వసతిగృహముల ముంగిట పావుగంట ఆడించి, ఛాయాచిత్రములు తీసికొని పోవుదురు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కాఫీని త్రాగుదురు. సిల్వర్ ఓక్ నీడలో ఆ పండ్లు కోసిన చేతులెవరివని అడుగరు. బొర్రా గుహలను ఒక పరదేశి కనుగొనెనని విని తల యూపుదురు. తప్పిపోయిన ఆవును వెదకుచు పశులకాపరి ఆ గుహలోనికి దిగెనను కథ ఆ గ్రామములలో తరతరములుగా నున్నది. ఊరివారెఱిగినదానిని పరదేశి చూచిన దినమే "కనుగొన్న" దినమగునా?

రెండు దినముల విశ్రాంతికై వచ్చువారు పండితులు కానేల యని కొందఱనవచ్చును. వారి రాకవలన లోయకు నాలుగు డబ్బులు వచ్చుచున్నవనియు అనవచ్చును. డబ్బు వచ్చుట మంచిదే, రావలదని మేమనము. కాని మర్యాదకు పాండిత్యము పనిలేదు. కొండగ్రామముల పిల్లలు మన బల్లలపైనే కూర్చుండి చదువుచున్నారు. తమ అవ్వ ఆడిన ఆటను "వింత" యని ఎవరో నవ్వుట విన్న పిల్ల, మఱునాడు తన యింటిభాషను తరగతిలో పలుకుటకు సిగ్గుపడును. ఆ నష్టమును ఏ డబ్బును పూడ్చజాలదు.

కావున విద్యార్థులారా, తలిదండ్రులారా, ఏ యూరికి పోయినను మూడు ప్రశ్నలడుగుడు: ఈ చోటును ఇచ్చటివారు తమ భాషలో ఏమందురు? ఇచ్చట కష్టపడి పనిచేయువారెవరు? వారు తమ్ము తాము ఏ పేరున పిలుచుకొందురు? కొండలనుండి వచ్చిన బాలబాలికలారా, మిమ్ము చూడవచ్చినవారికి ఈ ప్రశ్నల యుత్తరములను సిగ్గుపడక మీరే చెప్పుడు. కువి యైనను, ఆదివాసీ ఒడియా యైనను, మీ భాషలో మొదట పేరు చెప్పి, పిమ్మట తెలుగున అర్థము చెప్పుడు. అడుగు యాత్రికుడును చెప్పు గృహస్థుడును కలిసినచోటనే యాత్ర విద్య యగును.