ఎముకను ముట్టెడు చేయి

నడుమునొప్పి యెఱుగని యిల్లాలు మన సూళ్లూరుపేటలో నెందఱున్నారని యెవరైన నడిగినచో, లెక్కకు రెండు చేతుల వ్రేళ్లు చాలును. రుబ్బురోలు పెక్కిండ్లనుండి పోయినది గాని, గ్యాసుబండను జరుపుటయు, బిడ్డను చంక నెత్తుకొనుటయు, వంగి యూడ్చుటయు పోలేదు. నొప్పి వచ్చిననాడు మన మెవరికిని చెప్పము. చెప్పిననాడు నలుగురును నాలుగు త్రోవలు చూపుదురు. ఒకామె "పుత్తూరు పోయి కట్టు కట్టించుకోవమ్మా" యనును. కొడుకు చెన్నపట్టణమున కాపురమున్న మఱియొకామె "అక్కడ ఆస్టియోపతీ యని చేతివైద్యమున్నదట, మందు లేదు, సూది లేదు" అనును. రెండును ఎముకల మాటయే గనుక రెండు నొక్కటే యని తలచువారు పలువురు. వాని భేదమును వివరించుటకే యీ నెల మేము పూనుకొంటిమి.

ముందుగా పుత్తూరు సంగతి. 2022 ఏప్రిలులో తిరుపతి జిల్లా యేర్పడినప్పుడు నెల్లూరు జిల్లానుండి మన పేటయు, చిత్తూరు జిల్లానుండి పుత్తూరును అందు చేరినవి. పుత్తూరు చెంతనున్న రాచపాలెమున రాజుల కుటుంబమువారు 1881 మొదలుకొని తరతరములుగ ఎముకలు కట్టుచున్నారని ప్రసిద్ధి. విఱిగినచోటును చేతితో తడవి చూచి, లాగి సరిచేసి, ఆకుముద్దయు కోడిగ్రుడ్డు తెల్లసొనయు పట్టించి, వెదురుబద్దలు పేర్చి గుడ్డతో కట్టుదురు. తమిళదేశమునుండియు జనులు వత్తురు. చెన్నపట్టణపు వీధులలో సయితము "పుత్తూరు కట్టు" అను పలకలు కనబడును.

ఈ విద్య మన శాస్త్రములకు క్రొత్తది కాదు. సుశ్రుతసంహితలోని నిదానస్థానమున భగ్నములు రెండు తెగలుగ చెప్పబడినవి. కీలు తొలగుట సంధిముక్తము. అది యాఱు విధములు. ఎముక విఱుగుట కాండభగ్నము. అది పండ్రెండు విధములు. వెదురు, మేడి, రావి, మఱ్ఱి మొదలగువాని పట్టలను బద్దలుగ వాడవలెనని చికిత్సాస్థానమున నున్నది. కట్టు వదులైనచో కీలు నిలువదనియు, మిక్కిలి బిగువైనచో వాపును, నొప్పియు, చీమును కలుగుననియు, సమమైన కట్టే మేలనియు నందు చెప్పబడినది. చలికాలమున నేడు దినముల కొకసారియు, ఎండకాలమున మూడు దినముల కొకసారియు విప్పి కట్టవలెనని నియమము గూడ గలదు. కట్టినంతనే వైద్యుని పని తీఱలేదని దీని భావము.

ఆ నియమమునే నేటి మాటలలో చెప్పెదము. కట్టు ఎక్కడ కట్టించుకొన్నను, పిమ్మట వ్రేళ్లు చల్లబడినను, నీలముగ మాఱినను, తిమ్మిరెక్కినను, నొప్పి గంటగంటకు పెరిగినను తెల్లవాఱువఱకు ఓర్చుకొనరాదు. వెంటనే కట్టు సడలింపజేసి వైద్యశాలకు పోవలెను. నెత్తురు పాఱని చేయి కొన్ని గంటలలోనే శాశ్వతముగ చెడిపోగలదు. ఎముక చర్మమును చీల్చుకొని బయటికి వచ్చినను, ముసలివారికి తుంటి విఱిగినను, తలకో వెన్నునకో గట్టిదెబ్బ తగిలినను నేరుగ శస్త్రవైద్యశాలకే పోవలెను. ఏ కట్టునకైనను ముందు ఎక్స్‌రే తీయించుట మఱవరాదు.

ఇక ఆస్టియోపతీ. గ్రీకుభాషలో "ఆస్టియోన్" అనగా ఎముక. పేరులో ఎముక యున్నను, ఈ వైద్యులు విఱిగినదానిని కట్టరు. నొచ్చిన నడుమును, పట్టిన మెడను, బిగిసిన కీళ్లను, కండరములను చేతులతో సవరింతురు. అమెరికాలోని ఆండ్రూ టేలర్ స్టిల్ (1828–1917) అను వైద్యుడు దీనికి మూలపురుషుడు. 1864లో మెనింజైటిస్ అను మెదడుపొరల వ్యాధిచే ఆయన యింట ముగ్గురు బిడ్డలు పోయిరి. నాటి మందులపై నమ్మకము సడలిన ఆయన 1874లో తన క్రొత్త పద్ధతిని ప్రకటించెను. 1892లో మిస్సోరి రాష్ట్రమందలి కిర్క్స్‌విల్ అను నూర పాఠశాల పెట్టి, మొదటి తరగతిలోనే స్త్రీలను చేర్చుకొనెను. ఎముకలును కీళ్లును చక్కగ కదలినచో దేహము తన్ను తాను బాగుచేసికొనునని ఆయన మతము. ఆ మాటను సకలరోగములకును చాచుటను నేటి శాస్త్ర మంగీకరింపదు.

నేడు అమెరికాలో నీ చదువు చదివినవారు మందు వ్రాయుటకును శస్త్రము పట్టుటకును అర్హులైన పూర్తి వైద్యులు. బ్రిటనులో 1993 నాటి చట్టము ననుసరించి, నమోదు కానివారు ఆ పేరు పెట్టుకొనరాదు. మన దేశమున ఆ పలక కట్టినవారి చదువు లొక్కరీతిగ నుండవు. కావున ఎక్కడ, ఎన్నియేండ్లు చదివితిరని యడుగుట మర్యాదకు లోపము కాదు. ఫిజియోథెరపీ చదివినవారు మనకు చేరువలోనే దొరకుదురు. నడుమునొప్పికి వారును తగినవారే.

మొదటిసారి పోయినప్పుడు మంచి వైద్యుడు మంచముమీద పరుండుమనడు. ముందు కూర్చుండబెట్టి యడుగును: నొప్పి యెప్పుడు మొదలైనది, రాత్రి నిద్రలో వచ్చునా, కాలిలోనికి దిగునా, పడితివా, కాన్పు లెన్ని, ఏ మందులు వాడుచున్నావు అని. పిమ్మట నిలువజేసి, వంగజేసి, నడిపించి చూచును. అటుపిమ్మటనే చేయి వేసి మెల్లగ నొత్తుటయు, సాగదీయుటయు, కీలు కదల్చుటయు చేయును. ఒక్కొకసారి చుఱుకుగ కదల్చినప్పుడు "టప్పు" మను చప్పుడగును. తొలగిన యెముక తిరిగి కూర్చున్నదని మనము సంతోషింతుము. కాని యది కీలులోని ద్రవమున గాలిబుడగ యేర్పడు చప్పుడు మాత్రమే. మఱునాడు ఒడలు కొంత నొచ్చుట కలదు.

ఫలమెంత? నడుమునొప్పికి కొంత యుపశమనము కలుగును. బ్రిటనువారు 2016లో వెలువరించిన వైద్యసూచనలలో, చేతివైద్యమును వ్యాయామముతో కలిపియే చేయవచ్చునని చెప్పిరి. ఉబ్బసమునకును, పసిబిడ్డల యేడుపునకును ఇదియే మందని చెప్పువారి మాటకు తగిన యాధారము లేదు.

ముట్టులుడిగిన పిమ్మట స్త్రీల యెముకలు త్వరగా పలుచబడును. చాలకాలము స్టెరాయిడు మందులు మ్రింగినవారికిని అంతే. అట్టి వెన్నును గట్టిగ నొక్కినచో విఱుగవచ్చును. మెడను చుఱుకుగ త్రిప్పుటవలన, అరుదుగనైనను, మెదడునకు పోవు నెత్తురునాళము చీలి పక్షవాతము వచ్చుట కలదు. నడుమునొప్పితోబాటు కాళ్లు బలహీనపడినను, మూత్రము పట్టు తప్పినను, తొడల నడుమ స్పర్శ తెలియకున్నను అది చేతివైద్యమునకు చెందినది కాదు. ఆ దినమే పెద్ద వైద్యశాలకు పోవలెను. జ్వరమో, కారణములేని చిక్కుటో, పూర్వము క్యాన్సరో యున్నచో ముందు వైద్యునికి చూపవలెను.

పరాయివారు ఒడలు ముట్టు చికిత్స గనుక మఱియొక మాట. ఆడతోడు తీసికొని పోవుటకును, ఏమి చేయబోవుచున్నారో ముందుగ చెప్పుమనుటకును, నడుమ నాపుమనుటకును మనకు హక్కు కలదు. అడిగినందుకు విసుగుకొనువాని యొద్దనుండి లేచి వచ్చుటయే మేలు. పుత్తూరు బద్దయైనను, పట్టణపు మంచమైనను, మంచి చేతికి గుఱుతులు రెండే: ముట్టకముందు అడుగును, ముట్టరానిచోట ఆగును.

అది యడుగునప్పుడు మనము నిజము చెప్పవలెను గదా! వంట ఆగునని, ఖర్చగునని, అత్తగారేమనుకొందురోయని దాచిన నొప్పి వైద్యునికి కనబడదు. ఈ నెలలో నడుము నొచ్చిన సోదరి యెవరైన నుండినచో, ఎప్పుడు, ఎచ్చట, ఎట్లని ఒక కాగితముపై వ్రాసికొని, ముందు ఇంటివారికి చదివి వినిపింపవలెనని మా మనవి.