ఆడవాళ్ళ ఒళ్ళేమైనా పండ్ల బండా?

ఈ మధ్య బట్టల గురించి ఏది చదివినా, ఏ వీడియో చూసినా ఒకే మాటతో మొదలవుతోంది. "ముందు మీ బాడీ షేప్ ఏంటో తెలుసుకోండి." పియర్, యాపిల్, అవర్‌గ్లాస్, రెక్టాంగిల్, తలకిందుల త్రికోణం. అంటే రెండు పండ్లు, ఒక ఇసుక గడియారం, మిగతాదంతా ఎనిమిదో క్లాసు లెక్కల పుస్తకం. వీటిలో మీరెవరో తేల్చుకుంటే ఏం వేసుకోవాలో వాళ్ళు చెప్తారు. పియర్ అయితే ఏ-లైన్ కుర్తా. యాపిల్ అయితే ఛాతీ కింది నుంచి వదులుగా జారే ఎంపైర్ కట్. నిలువు గీతలు మంచివి, అడ్డ గీతల జోలికి పోవద్దు. నడుముంటే చూపించు, పొట్టుంటే దాచెయ్.

ఈ సలహాలన్నీ మొదట్లోనే దారి తప్పాయని నేనంటాను.

నేను చదివింది బీఏ తెలుగు. బట్టల విషయంలో ఆ చదువు అక్కరకొస్తుందని ఎప్పుడూ అనుకోలేదు గానీ, ఈ పండ్ల జాబితా చూడగానే నాకు కొక్కోకుడు గుర్తొచ్చాడు. రతిరహస్యం రాసిన మహానుభావుడు. ఆడవాళ్ళని పద్మిని, చిత్రిణి, శంఖిని, హస్తిని అని నాలుగు జాతులు చేసి, పద్మినిని పైన కూర్చోబెట్టి హస్తినిని అడుక్కి తోశాడు. మన ప్రబంధ కవులూ తక్కువ తినలేదు. సింహం నడుము, ఏనుగు నడక, ఏ నాయిక వచ్చినా అవే కొలతలు. క్లాసులో ఆ వర్ణనలు వచ్చినప్పుడు మేం పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళం. ఇప్పుడు అదే పని ఫోన్లో చేస్తుంటే మాత్రం నోట్సు రాసుకుంటున్నాం. అప్పటి పద్మినే ఇప్పటి అవర్‌గ్లాస్. కాకపోతే ఆ జాబితా మగవాళ్ళు మగవాళ్ళ కోసం రాసుకున్నది. ఈ జాబితాని మనమే ఒకరికొకరం అప్పజెప్పుకుంటున్నాం.

జాగ్రత్తగా చూడండి, ఐదు ఆకారాలని పేరే గానీ, నిజానికి అందులో పాసైంది ఒక్కటే. మిగతా నాలుగింటికీ చెప్పే చిట్కాలన్నీ అవర్‌గ్లాస్‌లా కనపడడానికే. భుజాలు వెడల్పా, అయితే కింద ఘేర్ పెంచు. కింద వెడల్పా, అయితే పైన బుట్ట చేతులు పెట్టు. అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2005 ప్రాంతంలో 6,000 మందికి పైగా ఆడవాళ్ళ కొలతలు పరిశీలిస్తే, అవర్‌గ్లాస్‌లు తేలింది నూటికి 8 మంది. పైనుంచి కిందిదాకా ఇంచుమించు ఒకే తీరుగా ఉన్నవాళ్ళు 46 మంది. ఆ 8 మందిలా కనపడాలని మిగతా 92 మంది డబ్బులు పోసి తంటాలు పడాలన్నమాట!

ఇదంతా సరదాగా తీసుకోవచ్చు కదా అంటారేమో. నేనూ తీసుకునేదాన్నే. మొన్న మా అమ్మాయి ఇంటర్ ఫేర్‌వెల్‌కి డ్రెస్ కొందామని దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక షాపుకి వెళ్ళాం. పసుపు రంగు డ్రెస్ ఒకటి ఏరుకుంది. సేల్స్ అమ్మాయి చటుక్కున, "మేడమ్, పాపది పియర్ షేప్, ఈ మోడల్ సెట్ కాదు, హిప్స్ కవరయ్యేది చూపిస్తా" అంది. ఆ అమ్మాయిని నేనేమీ అనను. పొద్దున్నుంచి రాత్రిదాకా కాళ్ళ మీద నిలబడే పిల్ల, నేర్పిందే చెప్తుంది. కానీ పదిహేడేళ్ళ మా పిల్లకి, తన ఒంట్లో దాచాల్సిన భాగం ఒకటుందని అప్పటిదాకా తెలీదు. ఆ పూట తెలిసింది. ఇంటికొచ్చాక సోఫాలో కూర్చుంటే ఒళ్ళో దిండు. రాత్రి రొట్టె ముందు పెడితే "ఆకలి లేదమ్మా". ఒకరోజు కాదు, నాలుగు రోజులు. ఇదండీ ఆ సలహా ఖరీదు. ఏ బిల్లులోనూ కనపడదు.

పోనీ ఆ సూత్రాలైనా నిజమా? అడ్డ గీతలు లావు చూపిస్తాయని మా అత్తగారి నుంచి యూట్యూబ్ దాకా అందరూ చెప్పేదే. హెల్మ్‌హోల్ట్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1867లోనే దీనికి ఎదురు రాశాడు. అడ్డ గీతల గౌను వేసుకున్న మనిషి ఇంకా పొడుగ్గా కనపడుతుందని. 2008లో ఇంగ్లండ్‌లోని యార్క్ యూనివర్సిటీలో పీటర్ థాంప్సన్ అనే ఆయన బొమ్మలు చూపించి మళ్ళీ పరీక్షిస్తే, ఒకే సైజు బొమ్మల్లో అడ్డ గీతలున్నదే సన్నగా ఉందని జనం చెప్పారు. నూట యాభై ఏళ్ళుగా ఒకరినొకరు భయపెట్టుకుంటున్నాం, దేనికో!

నన్నడిగితే రెడీమేడ్ డ్రెస్ బాగా కుదరకపోవడానికి మన ఆకారం కారణం కాదు, వాళ్ళ కొలత. అమెరికా వ్యవసాయ శాఖ 1939-40లో దాదాపు 15,000 మంది ఆడవాళ్ళని, ఒక్కొక్కరికి 59 కొలతల చొప్పున కొలిచింది. అందులో లెక్కకి తీసుకున్నది తెల్లవాళ్ళని మాత్రమే. దాని ఆధారంగా 1958లో సైజుల ప్రమాణం తయారైంది, అది అక్కడివాళ్ళకే సరిపోక 1983లో ఎత్తేశారు. మన దేశంలో ఇన్నాళ్ళూ పరాయి దేశాల పట్టికలనే అటూ ఇటూ సవరించుకుని వాడుకున్నారు. మన ఒంటికి మన పట్టిక కావాలనే నిఫ్ట్ వాళ్ళు 15 నుంచి 65 ఏళ్ళ లోపు 25,000 మందిని త్రీడీ స్కానర్లతో కొలిచే పని పెట్టుకున్నారు. అందుకు ఎంచుకున్న ఆరు నగరాల్లో మన హైదరాబాద్ కూడా ఉంది. చూశారా, కొలత తప్పని ప్రభుత్వ సంస్థే ఒప్పుకుంది. ట్రయల్ రూమ్‌లో మాత్రం ఇంకా తప్పు మన తుంటిదే.

మలక్‌పేటలో మా వీధి చివర ఒక ముసలి టైలర్ ఉన్నారు. అందరూ చాచా అంటాం. ముప్ఫై ఏళ్ళుగా జాకెట్లు, కుర్తాలు కుడుతున్నారు. ఆయన నోట ఒక్కసారీ షేప్ అనే మాట వినలేదు. "చెయ్యి పైకెత్తమ్మా" అంటారు. "కూసోని చూడు, పడ్తుందా?" అంటారు. "స్కూటీ నడుపుతవా?" అని కూడా అడుగుతారు. భుజం కుట్టు భుజం ఎముక మీదే ఆగాలి. చంక మరీ కిందికి దిగితే చెయ్యెత్తినప్పుడల్లా డ్రెస్ మొత్తం పైకి లేస్తుంది. ఛాతీ టక్కులు ఉండాల్సిన చోట లేకపోతే ఎంత సన్నటి మనిషికైనా గుడ్డ ముడతలు పడుతుంది. ఆయనకి తెలిసిన శాస్త్రం ఇదీ. మనిషిని బట్టి గుడ్డని కోస్తారు. వీడియోలేమో గుడ్డని బట్టి మనిషిని కోస్తున్నాయి.

చీర వైపు పోతే బతికిపోతాం అనుకోకండి. ఆరు గజాల గుడ్డకి ఎస్, ఎం, ఎల్ లేవు, నిజమే. మా పక్కింటి వాళ్ళ పెళ్ళిళ్ళలో కనపడే ఖడా దుపట్టా కూడా ఆరు గజాలే, పెళ్ళికూతురు ఎలా ఉన్నా దానికి బెంగ లేదు. కానీ గద్వాల చీర పట్టు అంచు చేత్తో పట్టుకోగానే "పొట్టివాళ్ళకి పెద్దంచు బాగోదమ్మా" అనే పెద్దమ్మ ఒకరు పక్కన ఉండనే ఉంటుంది. నా ఎత్తు ఐదడుగులు. నాకున్నవన్నీ పెద్దంచులే.

మా ఆడపడుచు నాతో వాదన పెట్టుకుంది. "అయితే ఏది పడితే అది తగిలించుకోవాలా వదినా? బాగా కనపడాలనుకోవడం తప్పా?" తప్పెందుకవుతుంది? నేనూ అద్దం ముందు పావుగంట నిలబడతాను. మెరూన్ రంగు నాకు నప్పుతుందని నాకు తెలుసు. తెలుగులో ఆ మాట ఎంత బాగుందో చూడండి, నప్పడం. రంగు నప్పుతుంది, నగ నప్పుతుంది, సందర్భానికి నప్పుతుంది. దాచిపెట్టడం అనే అర్థం అందులో ఎక్కడా లేదు. వీడియోల వాళ్ళు వాడేది 'ఫ్లాటరింగ్' అనే ఇంగ్లీషు మాట. దానికి ముఖస్తుతి అనే అర్థం కూడా ఉంది. కాకా పట్టే డ్రెస్ నాకెందుకు? "ఇది వేసుకుంటే సన్నగా కనపడుతున్నానా?" అని అడిగేవాళ్ళకి, "ఇందులో హాయిగా ఉన్నానా, నాకు నచ్చిందా?" అనే ప్రశ్న గుర్తుకే రాదు. మా ఆడపడుచు ఒప్పుకుందనను. కానీ పెళ్ళిళ్ళలో ఊపిరి బిగబట్టి నిలబడి ఫొటో దిగేది ఆవిడే.

మా అమ్మాయికి చివరికి గుడ్డ కొని చాచాకిచ్చాం. పసుపు రంగు పోచంపల్లి ఇక్కత్, అడ్డంగా డిజైన్లున్నదే. మీరూ కుట్టించుకునేట్టయితే నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి. ఆది డ్రెస్ ఇచ్చేటప్పుడు ఇప్పుడు మీకు సరిగ్గా పట్టేదే ఇవ్వండి, పెళ్ళయిన కొత్తలో వేసుకున్నది కాదు. కాటన్ అయితే ముందు నీళ్ళలో తడిపి ఆరేసి ఇవ్వండి. పక్క కుట్ల లోపల చెరో అంగుళం గుడ్డ వదలమనండి, ఒళ్ళు మారుతూ ఉంటుంది, విప్పుకోవచ్చు. ఇంకో పావు మీటరు ఎక్కువ కొని జేబు పెట్టమనండి. చాచా మొదట నవ్వారు గానీ పెట్టారు. ఫోను, తాళాలు, మెట్రో కార్డు అన్నీ పట్టాయి.