భయం వేసిందా?

యండమూరి నవల ‘తులసిదళం’ ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన రోజుల్లో వారంవారం ఎదురుచూసినవాళ్లున్నారు, క్షుద్ర సాహిత్యమని తిట్టినవాళ్లూ ఉన్నారు. ఆ తిట్టు ఇంకా వదల్లేదు. హైదరాబాద్‌లో అన్వీక్షికి, ఛాయ లాంటి చిన్న సంస్థలు కొత్త రచయితల పుస్తకాలు వేస్తున్న ఈ కాలంలోనూ భయం కథ అనగానే సమీక్షకులు మొహం తిప్పుకుంటారు.

ఈ భయం కథల సంచిక కోసం రాత్రిళ్లు మెట్రోలో నిలబడి అలాంటి కథలే చదివాను. చేతబడి బొమ్మలు, నిమ్మకాయలు నన్ను కదిలించలేదు. (నిమ్మకాయలు మా అపార్ట్‌మెంట్ గుమ్మానికీ వేలాడుతున్నాయి.) నైట్ షిఫ్టు నుంచి వచ్చినవాడికి తాళం వేసిన తన ఫ్లాటులో లైటు వెలుగుతూ కనిపించే కథ మాత్రం పట్టుకుంది. కూకట్‌పల్లిలో దిగాల్సినవాణ్ణి మియాపూర్‌లో తేలాను.

ఈ సంచికకు రాసిన సమీక్షకులను నేనడిగింది ఒక్కటే: భయం వేసిందా, వేస్తే ఏ పేజీలో?